హాన్స్ మోజర్‌ని వెతుక్కుంటూ వియన్నా: ఏవి చూడాలి, ఎక్కడ ఉండాలి

వియన్నా వెళ్ళే మనవాళ్ళు ఎక్కువమంది షోన్‌బ్రున్ ప్యాలెస్, ఒపెరా హౌస్ బయట ఒక ఫొటో, సాయంత్రం ఒక కచేరీ చూసుకుని ప్రేగ్ రైలెక్కేస్తారు. మే నెలలో నేను వెళ్ళింది మాత్రం హాన్స్ మోజర్ అనే పాత సినిమాల హాస్యనటుడి కోసం. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటూ జర్మన్ నేర్చుకుంటున్న రోజుల్లో, మా ఇంటి ఓనరు పెద్దావిడ ఆదివారాలు టీవీలో ఆయన బ్లాక్ అండ్ వైట్ సినిమాలు చూసేది. ఆయన మాటలు నాకు సగం కూడా అర్థమయ్యేవి కావు. అసలు ఆయన మాట్లాడే తీరే అంత. వాక్యం మొదలుపెట్టి, మధ్యలో గొణిగి, చివర మింగేస్తాడు. అయినా నవ్వు ఆగేది కాదు.

ఆయన 1880లో వియన్నాలోనే పుట్టాడు. అసలు పేరు యోహాన్ యూలియర్. నటన నేర్పిన గురువు ఇంటిపేరు మోజర్ కాబట్టి దాన్నే తన పేరు చేసుకున్నాడు. మనిషి ఐదడుగుల రెండంగుళాలకి మించడు. కుర్రతనంలో ఊరూరా తిరిగే నాటక బృందాల్లో చిన్నచిన్న వేషాలు వేశాడు. గుర్తింపు రావడానికి నలభై దాటాయి, సినిమాల్లో ఇంటింటికీ తెలిసిన మొహం కావడానికి యాభై దాటాయి. ఆ తర్వాత 1964లో పోయేదాకా ఆగలేదు. మొత్తం 150కి పైగా సినిమాలు. ముందుగా ఈ లెక్క తెలుసుకుని వెళ్తే వియన్నాలో ఏ చోటు ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

మ్యూనిక్ నుంచి వియన్నాకి రైల్‌జెట్ అనే ఎక్స్‌ప్రెస్ రైల్లో సుమారు నాలుగు గంటలు. సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు గానీ శుక్రవారం సాయంత్రం ప్రయాణమైతే చేయించుకోండి, లేదంటే నిలబడాల్సి రావచ్చు. సిటీలో తిరగడానికి 24 గంటలు చెల్లే టికెట్ ఫోన్‌లోనే కొనేస్తే మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ పనికొస్తుంది. వియన్నా రవాణా గురించి ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

బస గురించి మాత్రం చెప్పాలి. మొదట గ్యుర్టెల్ రోడ్డు మీద ఒక హోటల్ తీసుకున్నాను. స్టేషన్‌కి దగ్గర, రేటు తక్కువ. గది రోడ్డు వైపు ఇచ్చారు. ఆ రోడ్డు మీద రాత్రంతా ట్రాఫిక్ ఉంటుంది, కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే హోరు. లోపలి వైపు గది అడిగితే లేదన్నారు. రెండో మజిలీకి హీట్సింగ్ వైపు పెన్షన్ అని పిలిచే చిన్న ఇంటి తరహా లాడ్జికి మారాను. యు4 మెట్రోలో ఊరి మధ్యకి పావుగంట. పక్షుల కూతలు వినిపిస్తాయి, పొద్దున్న టిఫిన్‌కి ఇంట్లో చేసిన జామ్ పెడతారు. ఖర్చు కాస్త ఎక్కువైనా నా ఓటు దీనికే. పైగా మోజర్ సొంత ఇల్లు ఉన్న పేట కూడా ఇదే.

అన్నిటికంటే నాకు నచ్చింది యోసెఫ్‌ష్టాట్ థియేటర్. ట్రామ్ 2 ఎక్కితే దగ్గర్లోనే దింపుతుంది. ఇప్పుడున్న భవనం 1822 నాటిది, దాని ప్రారంభోత్సవానికి బీథోవెన్ సంగీతం రాశాడు. మోజర్ కుర్రతనంలో ఇక్కడ కొన్నేళ్ళు పనిచేశాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1924లో దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ ఈ థియేటర్‌ని తీసుకున్నాక, క్యాబరేలో నవ్విస్తున్న ఈ పొట్టి మనిషిలో గొప్ప నటుడున్నాడని గుర్తించి వేషాలిచ్చాడు. ఒకే థియేటర్, ఒకే మనిషి, మధ్యలో అంత ఎడం. నాటకం మొదలయ్యే ముందు పై వరుసల వాళ్ళకి అడ్డం రాకుండా పెద్ద షాండిలియర్ నెమ్మదిగా పైకప్పు దాకా లేస్తుంది. దానికోసమైనా టికెట్ కొనండి. నేను పై బాల్కనీలో చౌక సీటు తీసుకున్నాను. మోకాళ్ళకి చోటు తక్కువ గానీ శబ్దం చక్కగా అందింది. నాటకం జర్మన్‌లోనే, భాష రాకపోతే కథ ముందే చదువుకుని వెళ్ళండి. జులై, ఆగస్టుల్లో వియన్నా థియేటర్లకి సెలవులు, ఆ నెలల్లో ప్లాన్ చేయకండి.

ఆయన పుట్టిన మార్గరేటెన్ పేటలో చూడడానికి పెద్దగా ఏమీ లేదు. దాని కోసం ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు, నాష్‌మార్క్ట్‌లో తినడానికి వెళ్ళినప్పుడు అటు నడవండి. ఆ బజారులో శాకాహారులకి ఫలాఫెల్, హమ్ముస్ దొరుకుతాయి. పర్యాటకుల రద్దీ వల్ల ధరలు మాత్రం మండుతున్నాయి. శనివారమైతే దగ్గర్లోనే, వియన్నాలో తీసిన ‘ద థర్డ్ మ్యాన్’ అనే ఇంగ్లీషు సినిమా మీద పెట్టిన థర్డ్ మ్యాన్ మ్యూజియం చూడండి, తెరిచేది ఆ ఒక్క రోజే, అదీ మధ్యాహ్నం నుంచి. మోజర్‌తో లెక్కలేనన్ని సినిమాల్లో జంటగా చేసిన పాల్ హ్యోర్బిగర్ 1949 నాటి ఆ సినిమాలో అపార్ట్‌మెంట్ కాపలాదారుగా వేశాడు. ఇంగ్లీషు రాక మాటల్ని ధ్వనుల్లాగా బట్టీపట్టి చెప్పాడు. యుద్ధం తర్వాత శిథిలమైన వియన్నా ఎలా ఉండేదో ఆ మ్యూజియంలో కళ్ళకి కడుతుంది. నడిపేవాళ్ళు ఎంతో ప్రేమతో వివరించారు. ఇచ్చిన డబ్బుకి ఇంత న్యాయం చేసే చోటు ఊళ్ళో ఇంకోటి నాకు కనపడలేదు.

ఈ ఇద్దరి జంటని చూడాలంటే 1952లో వచ్చిన ‘హలో డీన్‌స్ట్‌మన్’ చూడాలి. ఒక రైల్వే కూలీ, కూలీ వేషంలో ఉన్న ఒక ప్రొఫెసర్ కలిసి ఒక పెద్ద పెట్టెని ఎలా పట్టుకోవాలా అని చేసే చర్చే అందులో ప్రాణం. ఎత్తడం ఎలాగన్న వాదనలోనే కాలం గడిచిపోతుంది. మోజర్ ఆ కూలీ వేషాన్ని 1920లలోనే క్యాబరే వేదిక మీద వేసి పేరు తెచ్చుకున్నాడు. డెబ్బై దాటాక సినిమాలో మళ్ళీ వేశాడు. పేదవాడి మొండితనాన్ని ఎగతాళి చెయ్యకుండా నవ్వించడం ఆయన విద్య.

పాత సినిమాలు థియేటర్‌లో చూడాలంటే ఒకప్పుడు బెల్లారియా అనే చిన్న హాలు ఉండేది. 1930ల నుంచి 50ల దాకా వచ్చిన సినిమాలే వేసేవారు, ముసలివాళ్ళే ప్రేక్షకులు. 2019 చివర్లో మూతపడి, కొత్త నిర్వాహకుల చేతుల్లో మళ్ళీ తెరుచుకుంది గానీ ఆ పాత పద్ధతి లేదు. ఇప్పుడు మనం వెళ్ళాల్సింది యోహానెస్‌గాసెలో ఉన్న మెట్రో సినిమా. ఆస్ట్రియా ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళది. చెక్క గోడలు, ఎర్ర మఖ్‌మల్ సీట్లతో హాలే చూడముచ్చటగా ఉంటుంది. ప్రోగ్రామ్ ముందే చూసుకుని బయల్దేరండి.

ఆ ఆర్కైవ్ బాగుచేసిన సినిమాల్లో ‘యూదులు లేని నగరం’ ఒకటి. 1924 నాటి మూకీ. ఒక ఊరి నుంచి యూదులందర్నీ వెళ్ళగొడతారు, ఊరు కుదేలవుతుంది. అందులో తాగుబోతు, యూదు ద్వేషి అయిన కౌన్సిల్ సభ్యుడి వేషం మోజర్‌దే. పోయాయనుకున్న భాగాలు 2015లో ప్యారిస్‌లో పాత సామాన్ల సంతలో దొరికితే, జనం చందాలతో బాగుచేసి 2018లో మళ్ళీ విడుదల చేశారు. ఇది చూశాక ఆయన జీవితం చదివితే గుండె బరువెక్కుతుంది. ఆయన భార్య బ్లాంకా యూదు స్త్రీ. 1938లో నాజీలు వచ్చాక విడాకులివ్వమని ఒత్తిడి చేశారు, ఆయన ఇవ్వలేదు. యూదుల మీద పెట్టిన ఆంక్షల నుంచి తన భార్యకి మినహాయింపు ఇమ్మని వేడుకుంటూ హిట్లర్‌కే ఉత్తరం రాశాడు. ఆయనకి నటించడానికి ప్రత్యేక అనుమతి దొరికింది గానీ బ్లాంకా 1939లో బుడాపెస్ట్‌కి వెళ్ళిపోవాల్సి వచ్చింది. కూతురి కుటుంబం అర్జెంటీనా చేరింది. జనం ఆయన్ని చూసి పగలబడి నవ్విన ఎన్నో సినిమాలు ఆ ఏళ్ళలో వచ్చినవే. ఆ పాలకుల కింద పనిచేశాడు కదా అని తప్పుపట్టేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ ఉత్తరమే ఆయన గురించి ఎక్కువ చెబుతుంది. యుద్ధం ముగిశాక దంపతులు మళ్ళీ కలిశారు.

మోజర్ సమాధి ఉన్న హీట్సింగ్ శ్మశానవాటిక షోన్‌బ్రున్ తోట వెనక వైపే ఉంది. మెట్రో స్టేషన్ దగ్గర బస్సెక్కితే గేటు ముందే దిగొచ్చు. ప్రవేశం ఉచితం. శుభ్రంగా, చెట్ల నీడలో ఉంటుంది. చిత్రకారుడు క్లిమ్ట్, ఆర్కిటెక్ట్ ఓట్టో వాగ్నర్ సమాధులూ ఇక్కడే. వియన్నా శ్మశానాల వాళ్ళ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి సమాధి ఎక్కడుందో ముందే చూసుకోండి, లేకపోతే చాలా తిరగాలి. ప్యాలెస్ ముందు క్యూలు చూశాక ఇక్కడి ప్రశాంతత హాయిగా అనిపించింది.

చివరిగా వాహావు లోయ. ఫ్రాంజ్ యోసెఫ్ స్టేషన్ నుంచి క్రెమ్స్‌కి గంటకి కాస్త ఎక్కువ, అక్కడ నుంచి బస్సు డాన్యూబ్ ఒడ్డునే వెళ్తుంది. డ్యూర్న్‌స్టైన్‌లో టూరిస్టు గుంపులెక్కువ, గంట చాలు. దిగాల్సింది ష్పిట్స్‌లో. 1947లో ‘హోఫ్‌రాట్ గైగర్’ ఇక్కడే తీశారు, మోజర్, హ్యోర్బిగర్ ఇద్దరూ ఉన్నారు. 1961లో అదే కథని ‘మరియాండ్ల్’గా రంగుల్లో మళ్ళీ తీస్తే, అందులోనూ మోజర్ తాతగా కనిపించాడు. మొదటిదాంట్లో కూతురిగా వేసిన వాల్ట్రౌట్ హాస్ రెండోదాంట్లో తల్లి అయింది. అదే ఏడాది ఆయన టీవీ కోసం హోర్వాత్ అనే నాటక రచయిత నాటకంలో వేషం వేశాడు, ఎనభై ఏళ్ళ వయసులో.

ష్పిట్స్‌లో ద్రాక్షతోటల రైతులు ఇళ్ళలోనే గదులు అద్దెకిస్తారు. శుభ్రం, మర్యాద, టిఫిన్ అన్నీ బాగున్నాయి, రేటు వియన్నా హోటల్ కంటే తక్కువే. మాంసం తిననివాళ్ళు ముందే చెప్పాలి, కూరగాయల వంటకమన్నా బేకన్ ముక్కలు వేస్తుంటారు. ఆప్రికాట్ పెట్టి ఉడికించిన తియ్యటి ఉండలు తప్పకుండా తినండి. ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి కాబట్టి నీళ్ళు, పళ్ళు శనివారమే కొనుక్కోండి. సాయంత్రం బస్సులు తగ్గిపోతాయి. అందుకే ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి, పొద్దున్నే తోటల మధ్య కొండెక్కి దిగి, పడవ మీద క్రెమ్స్‌కి తిరిగి రావచ్చు.