ఏడు సెకన్ల కార్ట్ డిలే: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

కార్ట్ అంటే రేడియో స్టేషన్లలో వాడిన ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు కొసలూ అతికించిన టేపు చుట్ట ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. కార్ట్ డిలే అంటే దాంతో కాలర్ మాటని ఏడు సెకన్లు ఆలస్యంగా ప్రసారం చెయ్యడం, ఈలోగా బూతేమైనా వస్తే ఆపెయ్యొచ్చు. 1980ల మొదట్లో అమెరికాలో, ఒహాయోలోని ఒక చిన్న ఏఎం స్టేషన్లో రాత్రి ఫోన్-ఇన్ కార్యక్రమానికి బోర్డు (శబ్దాల్ని కలిపే కంట్రోల్ బల్ల) నడిపేవాణ్ణి. మా డిలే మెషీన్ చూడ్డానికి మామూలు కార్ట్ మెషీనే, కాకపోతే మామూలు వాటిలో లేని, పాత శబ్దాన్ని చెరిపే ఎరేజ్ హెడ్ దీనికి ఉండేది. టేపు ముందు ప్లే హెడ్, తర్వాత ఎరేజ్, ఆఖర్న రికార్డ్ హెడ్ దాటుతుంది. ఇప్పుడు రికార్డయిన మాట చుట్టంతా తిరిగి ప్లే హెడ్ దగ్గరికి చేరేసరికి ఏడు సెకన్లు.

నాకు నచ్చింది సరిగ్గా ఇదే. టైమర్ లేదు, సెట్టింగ్ లేదు. వేగం సెకనుకు 7.5 అంగుళాలు, టేపు 52.5 అంగుళాలు, ఆ పొడవే గడియారం. ఐదు సెకన్లు చాలనుకుంటే పొట్టి చుట్ట ఉన్న కార్ట్ పెట్టుకోవడమే. 1978లో రేడియోలో బూతు మాటల మీద నడిచిన పసిఫికా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పక్షాన తీర్పిచ్చినప్పటి నుంచీ మా మేనేజరుకి బూతు అంటే విపరీతమైన టెన్షన్, అలాంటి మనిషి కూడా ఈ డబ్బా తిరుగుతుంటే నిశ్చింతగా ఇంటికెళ్ళి పడుకునేవాడు.

కష్టమల్లా డంప్ (డిలేని వదిలేసి నేరుగా లైవ్‌కి మార్చే బటన్) నొక్కాకే. కాలర్ అన్న మాట టేపు మీద ఇంకా ఉంటుంది, ఒక పూర్తి చుట్టు తిరిగేలోగా డిలేకి వెళ్ళారా, ఆ మాటే ప్రసారమైపోతుంది. అందుకని జింగిల్ (స్టేషన్ చిన్న పాట ముక్క) వేసి, అది బయట వినిపిస్తుండగానే స్టూడియోలో హోస్ట్ మాట్లాడ్డం మొదలుపెట్టి టేపు నింపాలి, జింగిల్ అయిపోగానే డిలేకి మారాలి. హోస్టుకి ఇది అలవాటవడానికి చాలా రోజులు పడుతుంది.

ఇక ఆ రాత్రి సంగతి. స్కూల్ లెవీ (స్కూళ్ళ కోసం వేసే పన్ను) మీద ఒకాయన బాగా కోపంగా మాట్లాడుతున్నాడు. బయటికి ప్రసారమయ్యేది వినిపించే ఎయిర్ మానిటర్లో ప్రతి ఏడు సెకన్లకీ ఒకసారి గొంతు సన్నబడ్డం విన్నాను, అంటే అది టేపు అతుకు ప్లే హెడ్ దాటుతున్న క్షణమన్నమాట. హోస్ట్ హెడ్‌ఫోన్లో వచ్చేది డిలేకి ముందు శబ్దం కాబట్టి ఆయనకి ఏమీ తెలీదు. బ్రేక్ దాకా లాగుతుందిలే అనుకుంటుండగానే సన్నబడ్డం పోయి సాగడం మొదలైంది, మాటలు బరువెక్కి, లోతుకి దిగి, ఆగిపోయాయి. స్టూడియో మీటరు ముల్లు ఊగుతూనే ఉంది, ఎయిర్ మీటరు ముల్లు మాత్రం పడిపోయింది. డంప్ నొక్కి నేరుగా లైవ్‌కి తెచ్చాను. శ్రోతలకి ఆయన మాటల్లో ఏడు సెకన్ల పైనే పోయాయి, అది పెద్ద విషయం కాదు. ఆయన ఇంకా అదే కోపంలో ఉన్నాడు, నాకు మాత్రం ఏ అడ్డూ లేదు. ఫోన్ లైన్ నాబ్ మీద వేళ్ళు పెట్టి, ప్రతి వాక్యం ఎటు తిరుగుతుందో వింటూ, హోస్టుకి గాజుకిటికీలోంచి సైగలు చేస్తూ బ్రేక్ వరకూ అలాగే నడిపాం. ఆయన ఒక్క తప్పు మాట కూడా అనలేదు, మర్యాదస్తుడు.

కార్ట్ విప్పి చూస్తే టేపు వెనక గ్రాఫైట్ పూత అరిగిపోయి, చుట్లు నడిమి హబ్ దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. లెక్కేస్తే ఆశ్చర్యం లేదు. ప్రకటనల కార్ట్ రోజుకి ఏ కొద్దిసార్లో తిరుగుతుంది, డిలే కార్ట్ గంటకి 514 సార్లు తిరుగుతుంది. ఒకే అతుకు, ఒకే 52 అంగుళాలు.

పొడవే గడియారం అన్నాను కదా, అది టేపుని నొక్కి పట్టి లాగే పించ్ రోలర్ శుభ్రంగా ఉన్నంతవరకే. రోలర్ జారితే ఏడు సెకన్లు కాస్త పెరుగుతాయి, జింగిల్ అయ్యాక పాత శబ్దం ముక్క ఒకటి బయటికొస్తుంది. ఆ తర్వాత నేను పది సెకన్ల జింగిల్‌కి మారి, మూడు సెకన్లు గడిచాక హోస్టుకి చెయ్యూపేవాణ్ణి. రోజూ షోకి ముందు రోలర్ స్పిరిట్‌తో తుడవడం, చుట్ట పాతబడక ముందే మార్చడం చేశాక మళ్ళీ అలా ఆగలేదు.

డిజిటల్ డిలేలు 1970ల చివరికే వచ్చాయి, డంప్ చేశాక మాటల మధ్య ఖాళీలు సాగదీసి వాటంతటవే డిలే తిరిగి కూడగట్టుకునేవి. మా స్టేషన్‌కి అంత డబ్బు లేదు. ఏఎంలో మాటలే కాబట్టి టేపు హిస్ (సన్నటి బుస) కూడా పెద్దగా తెలిసేది కాదు. బోర్డు దగ్గర వేరే మనిషి కూర్చునే చోట నేను ఇప్పటికీ దీనికే ఓటేస్తాను. హోస్టే బోర్డు కూడా చూసుకునే స్టేషనైతే, లేదా మంచి సంగీతం వేసే ఎఫ్ఎం అయితే, దీని జోలికి వెళ్ళమని చెప్పలేను.