కొలంబియా గట్టునా, కొలరాడో అంచునా? రిటైరైన దంపతుల ఆర్వీ ప్రయాణానికి ఏది మేలు

వంటగది, మంచం, స్నానాలగది అన్నీ బండిలోనే ఉండే ఆర్వీలో పశ్చిమ అమెరికా నదుల వెంట తిరగాలనుకునే రిటైరైన జంటలు ఎక్కువగా రెండు దారుల మధ్య ఊగిసలాడుతుంటారు. ఒకటి పోర్ట్‌లాండ్‌లో బయలుదేరి, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల నడుమ కొలంబియా నదిని పట్టుకుని, ఆపైన దాని ఉపనది స్నేక్ ఒడ్డునున్న ఐడహోలోని లూయిస్టన్ చేరేది. రెండోది కొలరాడో రాష్ట్రంలోని గ్రాండ్ జంక్షన్ నుంచి యూటాలోని మోయాబ్ మీదుగా అరిజోనాలోని పేజ్ పట్టణం దాకా కొలరాడో నది లోయలను చూస్తూ సాగేది. దూరంలో పెద్ద తేడా లేదు. మొదటిది సుమారు 350 మైళ్లు, రెండోది 400 మైళ్లకు కాస్త తక్కువ.

ఫొటోలు చూసి ఓటు వేయమంటే అందరూ రెండోదానికే వేస్తారు. మావారూ అంతే, ఇప్పటికీ అంతే. నేను మాత్రం అరవై అయిదు దాటినవారి తొలి ప్రయాణానికి కొలంబియానే మేలంటాను. కారణం చిన్నది. కొలంబియా దారిలో మనం నది పక్కన ఉంటాం. కొలరాడో దారిలో చాలాచోట్ల నదికి పైన, వెయ్యి రెండు వేల అడుగుల ఎత్తున ఉంటాం. రోజు ఎలా గడుస్తుంది, మోకాళ్లు ఏమంటాయి, రాత్రి ట్యాంకులో నీళ్లుంటాయా లేదా అన్నవన్నీ ఈ ఒక్క తేడా మీదే ఆధారపడతాయి.

ముందు కొలంబియా సంగతి. ఒరెగాన్ వైపు 84వ నంబరు ఇంటర్‌స్టేట్ మైళ్ల కొద్దీ గట్టును ఆనుకునే వెళుతుంది. డ్రైవింగ్ సీట్లో ఉన్నవారికి కూడా నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పోర్ట్‌లాండ్ దాటాక అరగంటకే 620 అడుగుల మల్ట్‌నోమా జలపాతం. ఇటీవలి వేసవుల్లో దీనికి సమయం ముందే బుక్ చేసుకోవలసి వస్తోంది, పెద్ద బండ్లకు చోటూ తక్కువ. దొరక్కపోతే దిగులుపడక్కర్లేదు, మరి కాస్త ముందుకు వెళితే బోన్‌విల్ ఆనకట్ట వస్తుంది.

నన్నడిగితే ఈ దారి మొత్తంలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు అదే. 1930ల్లో కట్టిన ఈ ఆనకట్ట సముద్రానికి 146 మైళ్ల పైన ఉంది. సముద్రంలో పెరిగిన శామన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఇంతదూరం ఎదురీది వస్తాయి. మన పులస గోదావరి ఎర్రనీటికి ఎదురు ఈది ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చినట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ చేపలు ఎక్కి పోవడానికి ఆనకట్ట పక్కనే మెట్లు కట్టారు. నీటి అడుగున అద్దాల కిటికీ పెట్టారు. దాని ముందు బెంచీ మీద కూర్చుంటే మోచేతికంటే పొడవైన చేపలు ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్క విసురుతో పైకి పోవడం కనిపిస్తుంది. ఏ జాతి చేపలు ఎన్ని దాటాయో లెక్కించడానికే మనుషులను పెట్టుకున్నారు. సెప్టెంబరులో చినూక్ శామన్ రద్దీ ఎక్కువ. పక్కనున్న చేపల పెంపక కేంద్రంలో హెర్మన్ అనే స్టర్జన్ చేప ఉంది. దాని పొడవు పది అడుగులకు పైమాటే. చక్రాల కుర్చీలో వచ్చినవారు కూడా ఇవన్నీ చూడగలరు. ఒక్క కొండ ఎక్కనక్కర్లేదు.

ది డాల్స్ పట్టణం దాటాక సెలైలో అనే చోటుంది. అక్కడ ఇప్పుడు చూడటానికి నిండు నీళ్లు తప్ప ఏమీ లేవు. వేల సంవత్సరాలుగా స్థానిక తెగలవారు చెక్క వేదికల మీద నిలబడి చేపలు పట్టుకున్న జలపాతం ఆ నీళ్ల కింద ఉంది. ది డాల్స్ ఆనకట్ట గేట్లు మూసినప్పుడు, 1957 మార్చి 10న, కొన్ని గంటల్లోనే మునిగిపోయింది. రాళ్లు అలాగే ఉన్నాయని 2008లో సోనార్ సర్వేలో తేలింది. చాలామంది ఆ పార్కులో టాయిలెట్ కోసం ఆగి వెళ్లిపోతారు.

ఈ దారికి లోపాలు లేవని అనను. బోన్‌విల్ నుంచి లూయిస్టన్ దాకా ఎనిమిది ఆనకట్టలున్నాయి, కాబట్టి మనం చూసేది చాలావరకు పారే నది కాదు, వరుసగా పేర్చిన చెరువులు. నది హోరు వినాలని వచ్చినవారికి ఇది నిరాశే. హోరు బదులు వినిపించేది రైళ్లు. నదికి రెండు గట్ల మీదా గూడ్స్ రైలు మార్గాలున్నాయి, రాత్రంతా కూత పెడుతూనే ఉంటాయి. నిద్ర తేలికగా తెగిపోయేవారు చెవుల్లో పెట్టుకునే బిళ్లలు కొనుక్కోవాలి. హుడ్ రివర్ పట్టణం దగ్గర గాలి మరీ జోరు. తెరచాప పలకల మీద నీటిపై దూసుకుపోయే కుర్రకారుకు అది పండగ. ఎత్తైన ఆర్వీ నడిపే పెద్దాయనకు మాత్రం స్టీరింగ్‌తో పెనుగులాట. అక్కడి వంతెన 1924 నాటిది, ఒక్కో వరస వెడల్పు పది అడుగులు కూడా ఉండదు. అద్దాలు మడుచుకుని ఊపిరి బిగబట్టి దాటేకంటే ది డాల్స్ దగ్గరో బిగ్స్ దగ్గరో వంతెన ఎక్కడం మంచిది. వాషింగ్టన్ వైపు 14వ నంబరు రోడ్డు ఇంకా అందంగా ఉంటుంది కానీ, అంచుల వైపు ఎత్తు తగ్గే సొరంగాలున్నాయి. బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి డ్రైవరు ముందు అంటించుకోండి.

చివర లూయిస్టన్. సముద్రానికి 465 మైళ్ల లోపల, కొండల మధ్య ఒక ఓడరేవు! స్నేక్, క్లియర్‌వాటర్ నదులు కలిసేది ఇక్కడే. 1805లో పసిఫిక్ సముద్రానికి దారి వెతుకుతూ లూయిస్, క్లార్క్‌ల అన్వేషక బృందం పడవల్లో కిందికి సాగింది ఈ నీటి మీదనే. ఊరి అంచున హెల్స్ గేట్ అనే స్టేట్ పార్కు ఉంది. అక్కడ కరెంటు కనెక్షన్ ఉన్న చోటు దొరికితే ఒకటికి నాలుగు రాత్రులు ఉండండి. హెల్స్ కాన్యన్‌లోకి జెట్ పడవలు వెళతాయి. ఉత్తర అమెరికాలో అన్నిటికంటే లోతైన నదీ లోయ అది, లోతు 7,993 అడుగులు. ఆ లోయను పై నుంచి తొంగి చూసే పని లేదు, పడవలో కూర్చుని అడుగునుంచి పైకి చూడవచ్చు.

కొలరాడో దారిలో ఆ తొంగి చూడటమే ప్రధానం. మోయాబ్ దగ్గరున్న డెడ్ హార్స్ పాయింట్ అనే స్టేట్ పార్కు నుంచి కిందికి చూస్తే రెండు వేల అడుగుల లోతున నది మెలిక తిరుగుతూ కనిపిస్తుంది. ఆ దృశ్యానికి సాటి కొలంబియా దారిలో ఏదీ లేదు, ఒప్పుకుంటాను. మావారి వాదన కూడా ఇదే: “చేపల్ని చూడటానికి అంత దూరం వెళ్లాలా?” అంటారు. కానీ ఆ గట్టు మీద నీళ్లు లేవు. పార్కుకు నీళ్లు మోయాబ్ నుంచి లారీల్లో తెస్తారు. ఆర్వీ ట్యాంకులు అక్కడ నింపనివ్వరు, కింద ఊళ్లో నింపుకునే రావాలి. కరెంటు ఉంది కాబట్టి ఏసీ తిరుగుతుంది, అదొక్కటే ఊరట. పక్కనే కాన్యన్‌లాండ్స్ జాతీయ పార్కులోని విల్లో ఫ్లాట్‌లో ఆ ఊరట కూడా లేదు. 12 చోట్లు, 28 అడుగులు దాటిన బండికి ప్రవేశం లేదు, నీళ్లూ కరెంటూ రెండూ లేవు.

గ్రీన్ నది, కొలరాడో నది కలిసే చోటు చూడాలని చాలామందికి కోరిక. 1869లో అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ చెక్క పడవల్లో ఆ సంగమం దాటే ముందుకు పోయాడు. ఇప్పుడు పై నుంచి చూడాలంటే రానుపోను పది మైళ్ల నడక ఉంది, నీడ దాదాపు లేదు. డెబ్బై ఏళ్లలో చేయలేరని కాదు, చేసేవారు ఉన్నారు. ఇద్దరిలో ఒకరు చేయగలిగి, మరొకరు రోజంతా బండిలో ఒంటరిగా కూర్చోవలసి వస్తే మాత్రం ఆ ప్రయాణం ఎవరిదో ఆలోచించుకోవాలి.

ఈ దారిలో నిజంగా నది పక్కన ఉండే ముక్క ఒకటుంది. యూటా 128వ నంబరు రోడ్డు. ఇంటర్‌స్టేట్ దిగాక మోయాబ్ దాకా 44 మైళ్లు, అందులో ఎక్కువ భాగం ఎర్రటి గోడల మధ్య నీటిని ఒరుసుకుంటూ పోతుంది. ఒడ్డునే ప్రభుత్వ భూముల శాఖవారి చిన్న చిన్న క్యాంపులున్నాయి. ముందు వచ్చినవారికే చోటు, హుకప్ (బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ల కనెక్షన్) ఉండదు. ఉదయం పదికల్లా అక్కడ ఉండాలి, లేదంటే ఖాళీ దొరకదు. నాకు ఈ 44 మైళ్లే మిగతా దారి మొత్తం కంటే నచ్చాయి.

దక్షిణానికి దిగితే మెక్సికన్ హ్యాట్ అనే ఊరి దగ్గర గూస్‌నెక్స్ అనే చోటుంది. అక్కడ కొలరాడో ఉపనది శాన్ వాన్ వెయ్యి అడుగుల లోతున మెలికలు తిరుగుతూ మైలున్నర దూరానికి ఆరు మైళ్లు ప్రవహిస్తుంది. అంచు దాకా బండి వెళుతుంది కాబట్టి కుర్చీ వేసుకుని చూడవచ్చు. ఆ దగ్గర్లోనే మోకీ డగ్‌వే అనే కొండదారి ఉంది. తారు లేని మలుపులు, పదిశాతం వాలు. ఫోనులోని మ్యాపు దగ్గరి దారి అని చూపించినా ఆర్వీతో అటు పోకండి. ఇక నవాహో తెగవారి ప్రాంతంలో వేసవిలో గడియారం ఒక గంట ముందు ఉంటుంది, పేజ్ పట్టణంలో ఉండదు. టవర్ మారినప్పుడల్లా ఫోను సమయం మారుతుంది. పేజ్ పక్కనున్న యాంటిలోప్ కాన్యన్ టికెట్లు కొన్నవారు సమయం ఎవరిదో అడిగి తెలుసుకోవాలి.

వాతావరణం విషయంలో పోలికే లేదు. జూలైలో మోయాబ్ 38 డిగ్రీలు. హుకప్ లేని చోట ఏసీ నడవాలంటే జనరేటర్ కావాలి, రాత్రి జనరేటర్ ఆపెయ్యాలని నియమం. కాబట్టి కొలరాడో దారికి ఏప్రిల్, మే మొదటి వారాలు, లేదా అక్టోబరు. కొలంబియాకు మే నుంచి అక్టోబరు మొదటి వారం దాకా ఎప్పుడైనా సరే, ఆగస్టులో కార్చిచ్చుల పొగ కమ్మే అవకాశం ఒక్కటే చూసుకోవాలి. మనవలకు సెలవులున్న జూలైలోనే వెళ్లాలంటే కొలరాడో వద్దు, కొలంబియా కాకుండా మరోటి కావాలంటే మోంటానాలోని త్రీ ఫోర్క్స్ వైపు వెళ్లండి. మూడు ఏరులు కలిసి మిస్సోరి నది పుట్టేది అక్కడ, మోయాబ్ కంటే చల్లగా ఉంటుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఖర్చు మాట. 62 ఏళ్లు నిండిన పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఫెడరల్ సీనియర్ పాస్ ఇస్తారు. ఏడాదికి 20 డాలర్లు, జీవితాంతానికి 80. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఇది రాదు. ఈ పాసుతో చాలా ఫెడరల్ క్యాంపుల్లో సగం అద్దె తగ్గుతుంది, స్టేట్ పార్కుల్లో తగ్గదు. ఇక్కడ కొలంబియా గెలుస్తుంది. సైన్యపు ఇంజనీర్ల శాఖ ఆనకట్టల పక్కన కట్టిన క్యాంపుల్లో కరెంటుతో పాటు సగం ధరా దొరుకుతుంది. జాన్ డే నది ముఖద్వారం దగ్గరి లెపేజ్ అలాంటిదే. ఏ సీజన్లో ఏది తెరిచి ఉందో బయలుదేరే ముందు చూసుకోవాలి. కొలరాడో దారిలో పాసు పనిచేసే 128 రోడ్డు క్యాంపుల్లో కరెంటు లేదు, కరెంటున్న డెడ్ హార్స్‌లో పాసు పనిచేయదు.

వంట సంగతి మగవాళ్లు రాసే సమీక్షల్లో కనిపించదు. రెండు పూటలా అన్నం, పప్పు, పోపు వేసుకునే మనకు నీళ్లు ఎక్కువ కావాలి. గిన్నెలు కడిగిన నీళ్లు ఒక ట్యాంకులో చేరతాయి, అది నిండితే సింకులోకే వెనక్కి ఎగదన్నుతుంది. హుకప్‌లో ఉన్నప్పుడు ఇండక్షన్ పొయ్యి మీద బండి బయట బల్లపై పోపు పెట్టుకోవడం ఉత్తమం. లోపల ఆవాలు చిటపటమంటే పొగ అలారం కూడా మోగుతుంది. కందిపప్పు, కరివేపాకు పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్, హిల్స్‌బరోలలో కావలసినన్ని దొరుకుతాయి. మోయాబ్ వెళ్లేవారు డెన్వర్‌లోనో సాల్ట్ లేక్‌లోనో ముందే సర్దుకోవాలి.

ఆరోగ్యం కూడా. హుడ్ రివర్, ది డాల్స్, ట్రై సిటీస్ (వాషింగ్టన్‌లో పక్కపక్కనే ఉన్న మూడు ఊళ్లు), లూయిస్టన్ అన్నిచోట్లా ఆసుపత్రులున్నాయి, దారిలో ఎక్కువ భాగం సముద్ర మట్టానికి దగ్గరే. అక్కడ మోయాబ్ నాలుగు వేల అడుగులు, డెడ్ హార్స్ ఆరు వేలు. రక్తపోటు, ఊపిరి సమస్యలున్నవారు ముందు డాక్టరుతో మాట్లాడాలి. ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వమే నేరుగా ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవారికి దాన్ని తీసుకునే ఆసుపత్రి ఏ రాష్ట్రంలోదైనా సరే. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ ఉంటే అత్యవసరం కాని వైద్యానికి ఊరు దాటాక వర్తిస్తుందో లేదో ఫోను చేసి కనుక్కోండి.

బండి మాత్రం ఎటు వెళ్లినా ఒకటే: 25 అడుగుల లోపుది. పెద్దది తీసుకుంటే సోఫా విశాలంగా ఉంటుంది, వెనక్కి తిప్పేటప్పుడు గొడవా పెద్దదే.

ఒకసారి కొలంబియా తిరిగి వచ్చి, ట్యాంకులు, హుకప్‌లు, గాలి అన్నీ చేతికి అలవాటయ్యాక కొలరాడోకు వెళ్లేవారిని ఆపను. మోకాళ్లు గట్టిగా ఉండి, ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చి, అక్టోబరు ఖాళీగా ఉంటే ముందే వెళ్లినా తప్పులేదు. అలాగైతే డెడ్ హార్స్ పాయింట్ బుకింగ్ నాలుగు నెలల ముందు తెరుస్తారు కాబట్టి జూన్‌లోనే కూర్చోవాలి. ఒరెగాన్ స్టేట్ పార్కులైతే ఆరు నెలల ముందు. వాటిలో మెమలూస్‌కు 84వ నంబరు ఇంటర్‌స్టేట్‌లో పడమర వైపు వెళ్లే వరస నుంచే ప్రవేశం, కాబట్టి దాన్ని తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి.