పాత స్విఫ్ట్‌కు గేర్‌బాక్స్ మౌంటింగ్: రివర్స్‌ల సప్పుడు పోయింది, ఏసీల వణుకు మిగిలింది

పాత బండి ఉన్నోళ్లు ఎవరన్న అడిగితే నేను ముందుగాల ఎత్తేది రివర్స్ గేర్ ముచ్చటే. మాది 2008 స్విఫ్ట్, పెట్రోల్. ఎడమ దిక్కు బ్యాటరీ కింద ఉండే గేర్‌బాక్స్ మౌంటింగ్, అంటే గేర్‌బాక్స్‌ను బండి బాడీకి పట్టి ఉంచే ఇనుము, రబ్బరు ముక్క, 2024 ఫిబ్రవరిల, మేడారం జాతరకు ముందు మార్పిచ్చిన. అప్పటిసంది రివర్స్ ఏసి క్లచ్ వదిలితే కింద నుంచి ‘దబ్’మనే సప్పుడు మల్ల ఇనవడలే. ఇంత చిన్న రబ్బరు ముక్క ఇంత సుఖం ఇస్తదని నేను అనుకోలే.

ఆ సప్పుడుతోని ఎంత ఇసుగు వచ్చిందో పడ్డోళ్లకే తెలుస్తది. హనుమకొండల మా ఇంటి గేటు ముంగట ర్యాంప్ ఉన్నది. పొద్దుగాల బండి తీయాలంటే రివర్స్‌ల ఎక్కియ్యాలె. క్లచ్ పట్టుకోంగనే దబ్బుమనేది, బండి మొత్తం ఒక్క జర్క్ ఇచ్చేది. డ్యూటీ ములుగుల, కాబట్టి రోజూ అదే రోడ్డు. గూడెప్పాడ్ దాటినంక స్పీడ్ బ్రేకర్ల దగ్గర కాలు తీసి మల్ల రేస్ ఇస్తే గేర్ రాడ్ చేతిల ముందుకు వెనుకకు కొట్టుకునేది. ఒకరు క్లచ్ ప్లేట్ అన్నరు, ఇంకొకరు యాక్సిల్ అన్నరు. ఊర్లె ఒక షెడ్డుల చక్రాలు ఇప్పి సస్పెన్షన్ లింకులు మార్చి పైసలు తీసుకున్నరు. సప్పుడు ఉన్నకాడనే ఉన్నది. ఆ మనాది నాకు ఇప్పటికీ ఉన్నది, ఎందుకంటే అసలు సంగతి చూసుడు ఐదు నిమిషాల పని.

ములుగు రోడ్డు మీది ఉస్తాద్ బండిని జాకీ మీదికి ఎక్కియ్యనే లేదు. బానెట్ లేపిండు, పిలగాన్ని సీట్ల కూసోపెట్టిండు, హ్యాండ్ బ్రేక్ గుంజి కాలి బ్రేక్ కూడ గట్టిగ తొక్కమన్నడు. “సార్, ఎదురుంగ నిలవడకుండ్రి, ఇట్ల పక్కకు రాండ్రి” అని నన్ను పిలిచిండు. పిలగాడు ఫస్ట్ ఏసి క్లచ్‌ను సగం దాక వదిలిండు. ఇంజిన్ కొద్దిగ ఒరిగి ఆగింది. రివర్స్ ఏసి వదిలిండో లేదో, గేర్‌బాక్స్ దిక్కు మొత్తం పైకి లేచి దబ్బున కూసున్నది. “ఇగో, మీ సప్పుడు ఇదే సార్. ఫౌండేషన్ రబ్బర్ ఇడిసిపెట్టింది” అన్నడు. మౌంటింగ్‌నే షెడ్లల్ల అట్ల అంటరు.

ఫస్ట్‌ల, రివర్స్‌లనే ఎందుకు ఎక్కువ అంటే, అడ్డంగ కూసున్న ఇంజిన్ చక్రాలను ఎంత బలంతోని తిప్పుతదో అంత బలంతోని తను ఎదురు దిక్కు తిరుగుదామని చూస్తది. ఈ రెండు గేర్లల్ల గేర్ రేషియో, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ చివర ఉండే పండ్ల చక్రాలు) కలిసి ఇంజిన్ టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, పది రెట్లకు పైనే చేస్తయి. ఆ దెబ్బంత మౌంటింగులే ఆపాలె. టాప్ గేర్ల నిమ్మళంగ పోతుంటే చెడిపోయిన రబ్బరు కూడ సప్పుడు చెయ్యదు. హైవే మీద బండి మంచిగనే ఉన్నదే అని మనం ఊకుంటం. ముందుకు పోయేటప్పుడు ఒక దిక్కు, రివర్స్‌ల దాని ఎదురు దిక్కు గుంజుతది కాబట్టి, రబ్బరు ఏ పక్కన తెగితే ఆ గేర్ల సప్పుడు ముందుగాల బయటపడతది.

మౌంటింగుల కంపెనీది, లోకల్‌ది అని రెండు రకాలు చెప్పిండ్రు, లోకల్‌ది కౌంటర్ మీద పెట్టి చూపిచ్చిండ్రు. లోకల్ దాని రబ్బరు గోరుతోని ఒత్తితే దిగలే, రాయి లెక్క ఉన్నది. “లోకల్ ఏస్తే సప్పుడు పోతది సార్, గని ఇంజిన్ వణుకుడంత సీట్లకు వస్తది” అన్నడు ఉస్తాద్. మెత్తగ ఉంటే ఇంజిన్ ఊగుతది, గట్టిగ ఉంటే వణుకు బాడీల దిగుతది. కంపెనీ రబ్బరు ఈ రెండిటి నడుమ చూసి పెట్టిన కొలత. రేటుల తేడా వందలల్లనే ఉన్నది. నేను కంపెనీదే కావాలన్న. అది హైదరాబాద్ నుంచి వచ్చేదాక ఆగినం.

బిగిచ్చుడు దగ్గర ఉస్తాద్ చూపిచ్చిన ఓపికకు నేను దండం పెడత. బ్యాటరీ, దాని ట్రే తీసిండ్రు. గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి నడుమ కట్టె పలక ఏసిండ్రు, అల్యూమినియం కేసింగ్ మీద జాకీ మొన నేరుగ పడితే పగులుతదని. పాత మౌంటింగ్ బయటికొస్తే రబ్బరు ఇనుమును ఇడిసి ఉత్తగ ఏలాడుతున్నది. వరంగల్ ఎండలు, బానెట్ లోపటి సెగ కలిసి ఇన్నేండ్లు దాన్ని ఎండబెట్టినయి. కొత్తది పెట్టినంక బోల్టులు చేతితోనే తిప్పి వదిలేసిండు. జాకీ దించి, బ్యాటరీ కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, తన బరువు మీద తను సర్దుకోనిచ్చి, అప్పుడు ఫైనల్ టైట్ చేసిండు. జాకీ లేపి ఉన్నప్పుడే టైట్ చేస్తే రబ్బరు మెలికపడ్డ కాడనే ఉండి తొందరగ తెగుతదట. మీరు ఎక్కడ చేపిచ్చినా ఈ ఒక్క పని దగ్గర నిలవడి చూసుకోండ్రి.

అసలు పరీక్ష జాతరల అయింది. పస్రా దాటినంక బండ్లన్ని ఒకదాని వెనుక ఒకటి, పొద్దుగూకేదాక ఫస్ట్ గేర్ల జరుగుడు, ఆగుడు, మల్ల జరుగుడు. అంతకుముందైతే ప్రతిసారి ఒక దబ్బు, ఒక జర్క్. ఈసారి వెనుక సీట్ల మా అమ్మ బంగారం (అమ్మవార్లకు పెట్టే బెల్లం) బుట్ట ఒళ్లె పెట్టుకొని నిద్రపోయింది. నేను ఎదురుచూడనిది ఇంకొకటి జరిగింది: సెకండ్ గేర్ పడుడు సుతిమెత్తగ అయింది. గేర్‌బాక్స్ తన జాగల నిలవడితే రాడ్ నుంచి పోయే లింకేజ్ కూడ కొలత తప్పదు గదా. అయిదారేండ్ల నుంచి సెకండ్ గేర్ గట్టిగ పడుతుంటే బండి వయసు అనుకున్నం, అది మౌంటింగ్ చేసిన పని.

జాతర నుంచి వచ్చి స్టాఫ్‌రూంల అందరికి బండి కొత్తదైంది అని చెప్పిన. ఎండకాలం వచ్చి ఏసీ పెట్టినంక ఆ మాట కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది. కాజీపేట బ్రిడ్జి దిక్కు ట్రాఫిక్‌ల ఆగితే స్టీరింగ్ సన్నగ వణికేది, డ్యాష్‌బోర్డుల ఏదో గిరగిరమనేది. ప్లగ్గులు, ఐడిల్ (బండి ఆగినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) చూపిచ్చిన, అవి మంచిగనే ఉన్నయి. కుడి దిక్కు ఇంజిన్ మౌంటింగ్ కుంగింది, వెనుకది పగిలింది అని తేలింది. ఒక మూల గట్టిపడినంక మిగిలిన రెండిటి సంగతి బయటపడ్డది. వెనుకది తర్వాత మార్పిచ్చిన, వణుకు సగానికి సగం తగ్గింది. కాబట్టి ఒక్కటి మారిస్తే చాలు అని ఇప్పుడు చెప్పను. సప్పుడుకు అదొక్కటి చాలు, వణుకుకు చాలదు.

నా లెక్క నాది. ఎత్తు బండ్లు మా అమ్మ ఎక్కలేదు, ఈ స్విఫ్ట్‌ను ఇంక కొన్నేండ్లు ఉంచుకుంట, అందుకే పెట్టిన పైసలకు నాకు బాధ లేదు. వచ్చే ఏడాది అమ్మేటోళ్లకు ఇదే మాట చెప్పలేను. మీ బండి గుంతల మీదనే సప్పుడు చేస్తే అది సస్పెన్షన్ పని కావచ్చు. గేర్ ఏసి కదిలేటప్పుడే దబ్బుమంటే ముందుగాల బానెట్ లేపి చూపియ్యండ్రి. ఇంజిన్ ఆయిల్ కారుతుంటే అది ఆపినంకనే కొత్త మౌంటింగ్ ఏపియ్యండ్రి, ఆయిల్ తడిసిన రబ్బరు ఉబ్బి మెత్తబడతది. మాది కుడి దిక్కుది ఇంక మిగిలే ఉన్నది. ఈసారి ఎండలు ముదరకముందే ఉస్తాద్ దగ్గరికి పోతున్న, ఏసీ ఏసినంక వణుకు పురాగ పోతే అది కూడ రాస్త.