ఉచిత లాయర్‌తో మూడేళ్లు: నా తుంటి ఎముక కేసు

ఈ ఉచిత న్యాయ సేవకి ఐదుకి మూడున్నర ఇస్తాను. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో కూడా చెబుతాను.

నేను టైల్స్ మేస్త్రీని. 2022 జూన్‌లో సూర్యాపేట దాటాక నా బైక్‌ని వెనక నుంచి కారు గుద్దింది. కుడి తుంటి దగ్గర తొడ ఎముక విరిగితే మూడు స్క్రూలు వేశారు. అప్పుడు నాకు 34 ఏళ్లు. తెలిసిన లాయర్ దగ్గరికి వెళ్తే వచ్చిన నష్టపరిహారంలో పాతిక శాతం ఇమ్మన్నాడు. అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పక్కింటి అబ్బాయి న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసిపెడితే, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లమన్నారు.

ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. అప్పటికి నా దగ్గర వైకల్యం సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆదాయ సర్టిఫికెట్ పెట్టాను. పది రోజుల్లో లాయర్‌ని కేటాయించారు. ప్రమాదం ఎక్కడ జరిగినా మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, కానీ ఆరు నెలల్లోపు వేయాలి. ఈ గడువు 2022 ఏప్రిల్ నుంచే వచ్చింది. నవంబర్‌లో వేశాం. ఇంతవరకు ఐదుకి ఐదు.

2023 వేసవిలో లోక్ అదాలత్‌కి పిలిచారు. ఇన్సూరెన్స్ వాళ్లు మూడున్నర లక్షలు ఇస్తామన్నారు. నేను సంతకానికి సిద్ధమే. ఇంకా ఫిజియోథెరపీ బిల్లులు కలపలేదని మా ఆవిడ అడ్డుపడింది. నాకు కోపమొచ్చింది, ఆ రోజు భోజనం కూడా చేయలేదు. లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే మళ్లీ అప్పీలుండదు, అక్కడితో సరి.

ఆగస్టులో గజ్జల్లో నొప్పి మొదలైంది. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక తలకాయ ఒకవైపు కుంగిపోయి ఉంది. డాక్టర్లు ఏవీఎన్ అంటారు. విరిగినప్పుడు రక్తనాళాలు తెగిపోతే ఎముక లోలోపలే చచ్చుబడుతుందట. అది బయటపడటానికి నెలలు, ఒక్కోసారి రెండేళ్లు కూడా పడుతుందట. తుంటి మార్పిడి తప్పదన్నారు. గొంతుకూర్చోకుండా టైల్స్ ఎలా వేస్తాను?

ఒకటిన్నర పోయింది ఇక్కడే. మొదటి లాయర్ మంచివాడే, కానీ ఈ జబ్బు సంగతి చెబితే "కేసు వేశాం కదా, చూద్దాం" అన్నాడు. నాలుగు వాయిదాలు అలాగే పోయాయి. లాయర్‌ని మార్చమని న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టుకున్నాను. మార్చమని అడగొచ్చన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, గోడ మీది బోర్డు చదివితే తెలిసింది. రెండో లాయరమ్మ వచ్చాక పిటిషన్‌ని సవరించి, వైద్య ఖర్చుల అంచనా కలిపారు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు నన్ను మందు తాగుతావా, కోవిడ్‌కి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేయించుకున్నావా అని అడిగాడు. తాగుడు వల్ల, స్టెరాయిడ్ల వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది మరి. పండక్కి తాగుతానని నిజం చెప్పాను. కానీ వాటి వల్ల అయితే చాలాసార్లు రెండు తుంటులకీ వస్తుందట. లాయరమ్మ నా ఎడమ తుంటి ఎమ్మారై చూపించి, ఆ వైపు బాగానే ఉందని చెప్పింది. ఆ ఎమ్మారై తీయించమన్నది కూడా ఆవిడే. డాక్టర్‌గారి సాక్ష్యం కోసం మాత్రం ఆయన చుట్టూ నేనే తిరిగాను. రెండుసార్లు సమన్లు వెళ్లినా రాలేదు. చివరికి కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే కమిషనర్‌ని పెట్టి ఆసుపత్రిలోనే సాక్ష్యం తీసుకున్నారు.

సర్టిఫికెట్‌లో కాలికి 45 శాతం వైకల్యం రాశారు. ఒళ్లంతటికీ లెక్కేస్తే అందులో మూడో వంతేనని ఇన్సూరెన్స్ వాదన. సర్టిఫికెట్ శాతం కాదు, మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందో చూడాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పిందని లాయరమ్మ ఆ తీర్పు కాపీని చూపించింది. ఈ ప్రమాద కేసులు చూసే ట్రిబ్యునల్ నా సంపాదనకి 40 శాతం దెబ్బ తగిలిందని ఒప్పుకుంది. నెలకు 12 వేల సంపాదన, ముందుముందు పెరిగేదానికి ఇంకో 40 శాతం కలిపి, ఏడాదికి లెక్కగట్టి, నా వయసుకి 16 రెట్లు చేసి, అందులో ఆ దెబ్బ తగిలిన 40 శాతం. ఆ లెక్కన 12,90,240 రూపాయలు. ఆపరేషన్ ఖర్చు వేరే. నాకు రోజుకి వెయ్యి వచ్చేది, కానీ రాతపూర్వకంగా ఏ రుజువూ లేదు. మేస్త్రీలు కూలి డబ్బు కనీసం ఫోన్‌పేలో వేయించుకోండి.

మూడేళ్లలో లాయర్‌కి రూపాయి ఇవ్వలేదు. జిరాక్సులకి, బస్సులకి, ఎమ్మారైకి మాత్రం నా జేబే. ప్రతి వాయిదాకి ఒక రోజు కూలి పోయినట్టే, కూలి ఉన్నప్పుడు.

మొన్న ఇన్సూరెన్స్ వాళ్లు హైకోర్టుకి అప్పీలు వెళ్లారని నోటీసు వచ్చింది. జిల్లాలో ఇచ్చిన లాయర్ అక్కడ పనికిరారు, హైకోర్టు న్యాయ సేవల కమిటీకి మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టాలి. ఈసారి దివ్యాంగుల కింద పెడుతున్నాను, ఆదాయ సర్టిఫికెట్ గోల లేదు.