లోధీ గార్డెన్‌కి అద్దె లెన్స్ అక్కర్లేదు

ముందు డబ్బుల సంగతి చెప్తాను, ఆ మంట ఇంకా చల్లారలేదు. జనవరిలో అమ్మని తీసుకుని గురుగ్రామ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. ఢిల్లీలో పక్షుల ఫొటోలు తీయాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. ఒక కొట్లో, దూరపు పిట్టని దగ్గరగా చూపించే 150–600 (మిల్లీమీటర్ల) జూమ్ లెన్స్ అద్దెకి తీసుకున్నాను. రోజుకి 900 చొప్పున రెండు రోజులకి 1,800, అది కాక 15,000 డిపాజిట్. తిరిగి ఇవ్వబోతే కొట్టతను లెన్స్‌ని లైటు కింద అటూ ఇటూ తిప్పి, ముందు గాజు అంచున వెంట్రుకంత గీత చూపించి 2,500 కోసేశాడు.

ఆ గీత నేను తీసుకునేటప్పటికే ఉంది. తమ్ముడు హిందీలో అరగంట వాదించాడు, గొంతు పోయింది. అప్పుడు అమ్మ తన ఫోను తీసింది. మొదటిరోజు పొద్దున జోర్‌బాగ్ మెట్రో మెట్ల దగ్గర నేను లెన్స్ బిగిస్తుంటే తీసిన ఫొటో, టైము 7:52. పెద్దది చేస్తే గీత స్పష్టంగా కనిపిస్తోంది. "మా కొట్టు దాటాక తీసిందే కదా" అన్నాడా మనిషి. ఎలాగో 1,000 వెనక్కిచ్చాడు. 1,500 పోయినట్టే. అద్దెతో కలిపి 3,300.

కాబట్టి లెన్స్ అద్దెకి తీసుకునేవాళ్ళు కొట్లోనే, అతని కళ్ళముందే, ముందు గాజూ వెనక గాజూ వీడియో తీసుకోండి. ఫోను టార్చి వెనకనుంచి లోపలికి వేసి చూడండి. సాలెపోగుల్లా సన్నటి దారాలు కనిపిస్తే అది బూజు, ఆ లెన్స్ వద్దనండి. కెమెరాకి తగిలించి దగ్గర వస్తువు మీద ఒకసారి, దూరపు వస్తువు మీద ఒకసారి ఫోకస్ చేయండి. నేను ఇవేవీ చేయలేదు. ఫోకస్ మోటారు పాడైపోయిందని పార్కులోకి వెళ్ళాక తెలిసింది.

ఢిల్లీలోని లోధీ గార్డెన్ మాత్రం బంగారంలాంటి చోటు. టికెట్ లేదు. గురుగ్రామ్ నుంచి మెట్రో యెల్లో లైన్‌లో నేరుగా జోర్‌బాగ్‌లో దిగి నడిచిపోవచ్చు. 90 ఎకరాల తోట, మధ్యలో సయ్యద్, లోధీ సుల్తానుల కాలం సమాధులు. ఇక్కడ ఖైర్‌పూర్ అనే ఊరుండేదట. దాన్ని ఖాళీ చేయించి 1936లో తోట వేశారు, పేరు లేడీ విల్లింగ్డన్ పార్క్. 1947లో లోధీ గార్డెన్ అయింది. ఆ ఊరివాళ్ళు ఎటు పోయారో అని అమ్మ ఆ పొద్దంతా అడుగుతూనే ఉంది.

మొదటిరోజు ఎనిమిదింటికే లోపల ఉన్నాం. పొగమంచులో బడా గుంబద్ అనే పాత గుమ్మటం నీడలా కనిపిస్తోంది, దాని మీద గద్దలు రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి. ఢిల్లీ చలికాలంలో తెల్లవారుజామున లేచి పరుగెత్తక్కర్లేదని ఆ రోజే తెలుసుకున్నాను. వెలుతురు పదింటి దాకా రాదు. లెన్స్ ఎంత పొడుగైనా మధ్యలో మంచుంటే దూరపు పిట్ట బూడిద ముద్దలాగే వస్తుంది. పదిన్నరకి ఎండ పడింది. రావిచెట్టు మీద గ్రే హార్న్‌బిల్ జంట, ముక్కుతో పండు కోసి, పైకి ఎగరేసి గొంతులోకి జార్చుకుంటున్నాయి. నా లెన్స్ గిర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతోంది, ఆగదు. నలభై ఫొటోల్లో ఒక్కటీ పనికి రాలేదు. నాకు కన్నీళ్ళొచ్చాయి.

అమ్మ ఏమీ అనకుండా నన్ను బయట తోపుడు బండి దగ్గరికి తీసుకెళ్ళింది. బొగ్గుల మీద కాల్చిన చిలగడదుంప, తొక్క తీసి ముక్కలు కోసి, మసాలా చల్లి నిమ్మకాయ పిండి ఆకుదొప్పలో ఇస్తున్నాడు. దొప్ప 40. "దుంపకి పులుపేంటే" అంటూనే అమ్మ రెండోది కూడా తింది. ఇప్పుడు ఇంట్లో అలాగే చేస్తోంది.

రెండోరోజు సుందర్ నర్సరీ. దీనికి టికెట్ ఉంది, హుమాయూన్ సమాధి పక్కనే, శుభ్రంగా తీర్చిదిద్దిన తోట. కానీ మేం వెళ్ళింది ఆదివారం. ఎక్కడ చూసినా చాపలు, క్యారేజీలు, పిల్లల బంతులు. నీళ్ళగట్టున లకుముకి పిట్ట ఒక్కటి దొరికింది. రెండింట్లో ఒకటే చూడగలిగితే లోధీకే వెళ్ళండి, పనిదినాన వెళ్ళండి.

సాయంత్రం ఆ లెన్స్ కొట్లో ఇచ్చేసి, ఆ గొడవంతా పడి, సోమవారం మళ్ళీ లోధీకే వెళ్ళాం. ఈసారి చేతిలో నా పాత 70–300 చిన్న జూమ్ లెన్స్ మాత్రమే. ఇక్కడి పక్షులకి మనుషులు అలవాటు. షీష్ గుంబద్ అనే సమాధి రాళ్ళ సందుల్లో చిలకలు మన తల మీదే దెబ్బలాడుకుంటాయి. పచ్చిక మీద హూపో పిట్ట ఆరడుగుల దూరంలో మట్టి పొడుచుకుంటుంది. శీతాకాలం గడపడానికి ఐరోపా వైపునుంచి వచ్చే రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ కూడా, బొటనవేలంత పిట్ట, తోక ఎగరేస్తూ నా పక్క కొమ్మకే వచ్చింది.

బెంచీ మీద మంకీ క్యాప్‌తో కూర్చున్న అమ్మ నా చెయ్యి గిల్లింది. "కదలకే. ఆ తొర్రలో చూడు, పైడికంటి." ముసలి చెట్టు తొర్రలో ఎండకి ఎదురుగా చిన్న గుడ్లగూబ. తెల్లటి కనుబొమలు, పసుపు కళ్ళు, గోధుమరంగు మీద తెల్లచుక్కలు. తల ముందు కిందకి వంచింది, పైకెత్తింది, పక్కకి జరిపి మమ్మల్ని మళ్ళీ చూసింది. పన్నెండడుగులు కూడా లేదు. జూమ్ చివరిదాకా, 300 దగ్గర పెట్టి ఊపిరి బిగబట్టి నొక్కాను. ఆ కంటి పసుపులో బెంచీ, బెంచీ మీద అమ్మ టోపీ చుక్కలా పడ్డాయి. ఇంటికొచ్చి పెద్దది చేసి చూసేదాకా నాకూ తెలియలేదు.