మూడుసార్లు ఆడాక: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో ఆ గుర్రం

పాత అమెరికా పడమటి సీమల్లో ఒక దొంగల ముఠా కథ చెప్పే ఈ వీడియో గేమ్ గ్రాఫిక్స్ ఎలా ఉంటాయి, మ్యాపు ఎంత పెద్దది, ఏ సిస్టమ్‌లో ఎలా నడుస్తుంది అన్నవి ఈపాటికి అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. 2019 నవంబరులో పీసీకి వచ్చిన కొన్నాళ్ళకు కొన్నాను. కథ రెండుసార్లు పూర్తి చేశాను. మూడోసారి చివరిదాకా వచ్చి ఆగాను. ఇన్నేళ్ళ తర్వాత కూర్చుని రాయాలనిపించింది ఒకే ఒక్క విషయం కోసం. గుర్రం కోసం.

మొదటిసారి ఆడినప్పుడు గుర్రం నాకు బండి లాంటిదే. ఇదే కంపెనీ చేసిన, కార్లు ఎత్తుకుపోతూ తిరిగే జీటీఏ ఆటలు ఆడిన అలవాటు అది. కారు పాడైతే రోడ్డు మీద ఇంకోటి దొరుకుతుంది, దాని గురించి మళ్ళీ ఆలోచించం. ఇక్కడా అదే చేశాను. వేగం, ఓపిక, ఆరోగ్యం గీతలు చూసుకుని ఏది మెరుగ్గా ఉంటే దాని మీదికి మారుతూ పోయాను. పడమటి మంచు కొండల్లో ఇసబెల్లా సరస్సు దగ్గర తెల్ల అరేబియన్ గుర్రం తిరుగుతుంటుందని విని, కథ మొదట్లోనే వెళ్ళి తాడు వేసి పట్టుకున్నాను. తర్వాత దాన్నీ వదిలేసి ఇంకోటి కొన్నాను. మొత్తం ఆటలో ఎన్ని మార్చానో లెక్క లేదు. ఒక్కదాని పేరూ గుర్తు లేదు, ఎందుకంటే పేర్లే పెట్టలేదు.

కథ బాగుంది, మనం ఆడే పాత్ర ఆర్థర్ మోర్గన్ బాగా నచ్చాడు, ముఠా నాయకుడు డచ్ మీద అతని నమ్మకం అధ్యాయం తర్వాత అధ్యాయం కరిగిపోవడం బాగా రాశారు అనుకున్నాను. అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే, కథకు ఫుల్ మార్కులు, ఆటకు కొంచెం తక్కువ అని చెప్పి ఉండేవాణ్ణి. ఎందుకంటే ఇందులో ప్రతిదీ నెమ్మది. సొరుగు తెరవడం నెమ్మది, తోలు ఒలవడం నెమ్మది, క్యాంపులో అయితే నడక కూడా నెమ్మదే.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. మొదట్లో కోల్టర్ అనే కొండ ఊరి మంచులో ఆట మన చేతికి ఇచ్చే టెన్నెసీ వాకర్ జాతి గుర్రాన్నే చివరిదాకా ఉంచుకోవాలి. అది మామూలు గుర్రం. వేగం లేదు, చూపులకూ గొప్పది కాదు. వాలెంటైన్ ఊళ్ళో గుర్రపుశాల అందుబాటులోకి రాగానే దానికి 'చుక్క' అని పేరు పెట్టాను.

అప్పటిదాకా నేను పట్టించుకోని ఏర్పాటు ఒకటి అప్పుడు కనబడింది. గుర్రంతో మన అనుబంధానికి నాలుగు మెట్లు ఉంటాయి. మేత పెడితే, ఒంటి మీది బురద బ్రష్‌తో దులిపితే, మెడ మీద తడితే, కళ్ళెం పట్టుకుని నడిపిస్తే, కొద్దికొద్దిగా పెరుగుతుంది. మెట్టు పెరిగేకొద్దీ ఈల వేసినప్పుడు ఇంకా దూరం నుంచి వింటుంది. రెండో మెట్టులో ముందుకాళ్ళు ఎత్తి నిలబడటం నేర్చుకుంటుంది. పామును చూసినా, తుపాకీ మోగినా మొదట్లో బెదిరినంతగా బెదరదు. కాగితం మీద చూస్తే ఇవన్నీ చిన్న చిన్న సౌకర్యాలు. కానీ ఇందులో దేన్నీ ఒక్క బటన్ నొక్కి కొనలేం. రోజూ కాస్త కాస్త చేయాలి. నేను విసుక్కున్న ఆ నెమ్మదితనం ఎందుకు పెట్టారో నాకు అర్థమైంది ఇక్కడే. ఆర్థర్ చెయ్యి గుర్రం మెడ మీద రెండు సెకన్లు ఆగుతుంది, ఏదో నెమ్మదిగా మాట్లాడతాడు, దాని చెవులు వెనక్కి తిరుగుతాయి. ఆ రెండు సెకన్లు కోసేస్తే మిగిలేది గీత మీద గీత నిండడమే.

ముఠాలో వాళ్ళ గుర్రాలకు కూడా పేర్లున్నాయి. డచ్‌ది తెల్లని కౌంట్, జాన్ మార్‌స్టన్‌ది ఓల్డ్ బాయ్, చార్లెస్‌ది తైమా. ఆర్థర్‌కూ ముందు బోడిసియా అని ఒకటి ఉండేది, కథ మొదలయ్యే ముందే పోయింది. మొదటిసారి ఆడినప్పుడు ఇవి నా చెవిన పడలేదు. రెండోసారి పడ్డాయి.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

మూడో అధ్యాయం నడుస్తోంది. క్యాంపు దక్షిణాన చెరువు గట్టుకు మారిపోయింది, అయినా వేట కోసం నేను వాలెంటైన్‌కు ఉత్తరాన ఉన్న గ్రిజ్లీ కొండల దాకా వెళ్ళాను. అక్కడికి వెళ్ళే దారిలో పాము కాటుతో అరుస్తున్న మనిషి ఒకడు కనబడితే, దిగి విషం పీల్చి తీసి కాపాడాను. పైన ఒక మగ జింకను ఒక్క బాణంతో పడగొట్టి, ఎక్కడా పాడవని తోలు సంపాదించాను. సంచి కుట్టించుకోవడానికి అలాంటిది కావాలి. మూడు రోజులుగా వెతుకుతున్నాను దాని కోసం. తోలు చుట్టి చుక్క వీపు మీద వేసి, చీకటి పడ్డాక కిందికి బయల్దేరాను. దారి చుట్టూ తిరిగి వస్తుంది. నేను రాళ్ళ మీదుగా అడ్డంగా దిగుదామనుకున్నాను.

సగం దూరంలో తోడేళ్ళు వచ్చాయి. చుక్క బెదిరి నన్ను కింద పడేసి పరిగెత్తింది. తుపాకీ తీద్దామంటే పెద్దవి రెండూ జీనుకే ఉన్నాయి. నడుముకున్న పిస్తోలుతో నాలుగింటిని కాల్చాను. ఈల వేశాను. రాలేదు. మళ్ళీ వేశాను. మామూలుగా అయితే దూరంగా గిట్టల చప్పుడు వినబడుతుంది. అప్పుడు ఏమీ లేదు. మంచులో గిట్టల గుర్తులు వెతుక్కుంటూ దిగితే, కింద బండరాళ్ళ మధ్య పక్కకు పడి ఉంది. ఊపిరి తీస్తోంది. తోలు పక్కన జారిపడి ఉంది.

అలాంటి స్థితిలో గుర్రాన్ని లేపడానికి ఒక మందు ఉంటుంది, శాలలో దొరుకుతుంది. నా సంచిలో లేదు. మాంసం, మూలికలు, తూటాలు, సీసాలు, అన్నీ ఉన్నాయి, అదొక్కటి లేదు. ఆ మందు లేకపోతే మిగిలిన దారి ఒకటే: బాధ పడకుండా అక్కడే ముగించడం. ఆ బటన్ నొక్కలేకపోయాను. అలా నిలబడే ఉన్నాను. కాసేపటికి దానంతట అదే పోయింది.

ఆట అక్కడ ఏ సంగీతమూ పెట్టలేదు, ఏ వీడియో చూపించలేదు. జీను విప్పుకోమని మాత్రం చూపించింది. విప్పాను. ఆర్థర్ జీనును భుజాన వేసుకుని నడుస్తాడు, వేగంగా నడవలేడు. తోలు అక్కడే వదిలేసి జీను ఒక్కటే మోసుకుంటూ వాలెంటైన్ వైపు నడిచాను. ఊళ్ళోకి వెళ్తే కొత్త గుర్రం దొరుకుతుంది, జేబులో డబ్బు ఉంది, ఇంతకంటే మంచిదే వస్తుంది. మొదటిసారి అయితే అదే చేసేవాణ్ణి. ఈసారి పావుగంట నడిచాక ఆగిపోయాను. ఆట దానంతట అది చేసుకునే ఆటోసేవ్ అప్పటికే ఆ క్షణం దాటిపోయింది. నేను చేత్తో చేసుకున్న సేవ్ మూడు గంటల వెనకది. దాన్నే లోడ్ చేశాను. మూడు గంటల ఆట పోయింది, తోలు పోయింది. తర్వాత అదే దారిలో వెళ్ళినా ఆ పాము కాటు మనిషి నాకు మళ్ళీ ఎదురుపడలేదు. చుక్క మాత్రం శాల బయట నిలబడి తోక ఆడిస్తోంది.

ఆ తర్వాత నేను ఆడే తీరే మారింది. ఆ మందు రెండు సీసాలు ఎప్పుడూ ఉంచుకున్నాను. ఏటవాలు రాగానే దిగి కళ్ళెం పట్టుకుని నడిపించాను. జీను దిగే ముందు తుపాకీ భుజానికి తగిలించుకోవడం అలవాటైంది. నాలుగో మెట్టు ఎప్పుడు వచ్చిందో కూడా సరిగ్గా గమనించలేదు.

ఇక్కడి నుంచి ఒక పేరాలో చివరి భాగం గురించి చెప్తాను. ఇంకా ఆడనివాళ్ళు దాన్ని వదిలేసి ముందుకు వెళ్ళండి, దయచేసి.

ఆరో అధ్యాయం ఆఖరి మిషన్‌లో ఆర్థర్, జాన్ తప్పించుకుని పారిపోతుంటే వాళ్ళ గుర్రాలకు తూటాలు తగులుతాయి. వెనక మనుషులు తరుముకొస్తున్నారు, జాన్ రమ్మంటున్నాడు, అయినా ఆర్థర్ మోకాళ్ళ మీద కూర్చుని తన గుర్రం తల నిమిరి థ్యాంక్స్ చెప్తాడు. మొదటిసారి ఇది చూసినప్పుడు, త్వరగా లే నాయనా, వాళ్ళు వచ్చేస్తున్నారు అనుకున్నాను. కింద పడింది అంతకుముందే కొన్న గుర్రం. ఆర్థర్ ఎవరికి థ్యాంక్స్ చెప్తున్నాడో నాకు తెలియదు. రెండోసారి అక్కడ పడింది చుక్క. కోల్టర్ మంచు నుంచి అక్కడిదాకా మోసుకొచ్చింది అదే. కంట్రోలర్ పక్కన పెట్టేశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పట్టుకోవడానికి టైమ్ పట్టింది. అవే మాటలు, అదే సీను. తేడా అంతా నేను ఆ ముందు నెలల్లో ఏం చేశాను అన్నదాంట్లోనే ఉంది. కథ రాసినవాళ్ళు ఒక ఖాళీ వదిలారు, దాన్ని నింపే పని ఆడేవాళ్ళకు ఇచ్చారు. నింపనివాళ్ళకు అది మామూలు సీనే.

అందుకే ఈ ఆటలో కథ, ఆడే తీరు నిజంగా కలిసిన చోటు గుర్రమే అంటాను. మిగతా చోట్ల అవి అంత బాగా కలవలేదు. ఎటైనా తిరగొచ్చు, ఓపెన్ వరల్డ్ అంటారు గానీ, మిషన్ మొదలైతే గీసిన గీత దాటకూడదు. కొంచెం పక్కకు పోతే ఫలానా వాళ్ళను వదిలేశావు అని ఫెయిల్ చేసి వెనక్కి పంపిస్తుంది. ముందు తలుపు కాదు, వెనక కిటికీ నుంచి వెళ్తాను అంటే కుదరదు. పేరుకు స్వేచ్ఛ, చేతికి స్క్రిప్టు. డచ్ చెప్పింది చేస్తూ పోవడమే ముఠా బతుకు కాబట్టి అలా పెట్టారని ఒకప్పుడు సమర్థించాను. ఇప్పుడు పూర్తిగా ఒప్పుకోలేను. అరవై, డెబ్బై గంటల ఆటలో అది విసుగే. ఐదో అధ్యాయంలో కొంత భాగం గ్వార్మా దీవిలో నడుస్తుంది, అక్కడ మన గుర్రం ఉండదు. చాలామందికి ఆ భాగం నచ్చకపోవడానికి రకరకాల కారణాలు చెప్తారు. నా వరకు కారణం ఇదే: రెండు గంటలు కాల్పులే, చేతికి కళ్ళెం లేదు.

పైన నెమ్మదితనాన్ని అంత మెచ్చుకున్నాను కదా, అందులో కొంత తగ్గించి చెప్పాలి. గుర్రం దగ్గర ఆ నెమ్మది అందం. కానీ కాల్పులు అయిపోయాక పడిపోయిన ఇరవై మంది జేబులు ఒక్కొక్కటిగా వెతకడంలో అందం ఏమీ లేదు. మూడోసారి ఆడినప్పుడు సగం వెతకనే లేదు. దౌడు తీయాలంటే గిట్టల లయకు తగ్గట్టు బటన్ కొడుతూ ఉండాలి. బాగుంటుంది, నిజమే, గుర్రం ఊపిరి తెలుస్తుంది. కానీ రెండు గంటలయ్యేసరికి నా బొటనవేలు నొప్పి పెట్టింది. సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలుంది, ముందే చూసుకోండి. రోడ్డు మీద గమ్యం పెట్టి సినిమాటిక్ కెమెరా వేస్తే గుర్రం దానంతట అది దారి పడుతుంది, అది చేతికి పెద్ద ఊరట.

ఇంకో మాట. ఒకే గుర్రంతో ఆడమని ఆట ఎక్కడా చెప్పదు. వేగమైనవి కళ్ళ ముందు పెట్టి ఊరిస్తుంది కూడా. ఇందులో ఉన్న గొప్ప విషయం రెండోసారి దాకా నాకు దొరకలేదంటే, తప్పు కొంత ఆటదే.

కొనాలా వద్దా అంటే, నా సంగతి చెప్తాను, మీరు పోల్చుకోండి. నేను రాత్రి పనులన్నీ అయ్యాక ఒక్కణ్ణే గంట, గంటన్నర ఆడతాను. ఆ గంటలో ఒక్క మిషనూ చేయకుండా వేటకు వెళ్ళి వచ్చినా నాకు నష్టం అనిపించదు. అరగంటే దొరికేవాళ్ళకు ఇది టెన్షన్ పెడుతుంది, ఎందుకంటే మిషన్ దగ్గరికి వెళ్ళడానికే పది నిమిషాలు పోతుంది. ఫ్రెండ్స్‌తో కలిసి ఆడాలనుకునేవాళ్ళకు నేనేమీ చెప్పలేను, ఆన్‌లైన్ వైపు వెళ్ళనే లేదు. జంతువులకు ఏదైనా అయితే తట్టుకోలేనివాళ్ళు మాత్రం కాస్త ఆలోచించుకోండి. ఈ మాట సీరియస్‌గానే అంటున్నాను.

మూడోసారి కూడా టెన్నెసీ వాకర్‌తోనే ఆడాను, పేరు కూడా అదే పెట్టాను. ఆరో అధ్యాయంలో ఉన్నాను. ఆర్థర్ బాగా చిక్కిపోయాడు, నడుస్తూ నడుస్తూ ఆగి దగ్గుతున్నాడు. ఆఖరి మిషన్ గుర్తు మ్యాపులో కనబడుతోంది. రెండు నెలలైంది, నేను దాని వైపు వెళ్ళలేదు. ఎప్పుడైనా తెరిచి, చుక్కకు బురద దులిపి, నది ఒడ్డున కాసేపు తిప్పి, సేవ్ చేసి మూసేస్తున్నాను.