కూల్‌డ్రింకా, బండి మీద సోడానా: ఏది మేలు?

మే నెల మధ్యాహ్నం బెజవాడ బీసెంట్ రోడ్డులో షాపింగ్ పెట్టుకుంటే గొంతు ఎండకుండా ఇంటికి చేరడం కష్టం. ఏం తాగాలన్న దగ్గరే పేచీ. పెద్దవాళ్లేమో సీసాలో ఉన్నవన్నీ కెమికల్సే అని ఒక్క మాటతో తోసేస్తారు. పిల్లలకు బండి మీద సోడా నామోషీ.

ముందు లేబుల్ మీద, కలిపిన పదార్థాలకు గుర్తుగా వేసే నంబర్లంటే భయం తగ్గాలి. 330 అంటే సిట్రిక్ యాసిడ్, నిమ్మకాయలో ఉండేదే. 290 అంటే గ్యాసు, గోలీ సోడాలోనూ అదే. 211 సోడియం బెంజోయేట్. పుల్లటి పానీయాల్లో బూజు పట్టకుండా చూస్తుంది. విటమిన్ సి కూడా ఉన్న డ్రింకు వేడికీ ఎండకీ మగ్గితే మాత్రం ఈ 211 నుంచి కొద్దిగా బెంజీన్ అనే క్యాన్సర్ కారకం పుట్టే వీలుంది. అందుకే కొట్టు బయట ఎండలో పేర్చిన కేసులోంచి తీసిస్తుంటే వద్దని, లోపల నీడలో ఉన్న సీసా అడగండి.

కోలాకి ఆ నలుపు 150డి అనే కారమెల్ రంగుది. నాలుకను చురుక్కుమనిపించే పులుపు ఫాస్ఫారిక్ యాసిడ్‌ది, నంబరు 338. కెఫీన్ 100 మి.లీ.కి సుమారు 10 మి.గ్రా. పెద్దవాళ్లకి అదో లెక్క కాదు గానీ, రాత్రి తొమ్మిదింటికి పిల్లాడికి పోస్తే వాణ్ణి పడుకోబెట్టే పని కూడా మీదే. అసలు సంగతి పంచదార. 100 మి.లీ.కి పది పదకొండు గ్రాములు, అంటే పావు లీటరు సీసాలో ఐదారు టీ స్పూన్లు. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, ఆ కోటా ఇక్కడే అయిపోయింది. అంత తీపి మనకెందుకు తెలియదంటే పులుపు, గ్యాసు, చల్లదనం మూడూ కలిసి దాన్ని కప్పేస్తాయి. గ్యాసు పోయి వెచ్చబడ్డ కోలా ఒక గుక్క తాగి చూడండి, పల్చటి పాకంలా ఉంటుంది.

నారింజ రంగు డ్రింకుల్లో చాలావాటికి ఆ రంగు 110, సన్‌సెట్ ఎల్లో వల్లే. ఈ రంగు కలిపితే పిల్లల ఏకాగ్రత మీద ప్రభావం ఉండొచ్చన్న హెచ్చరిక వేయాలని యూరప్‌లో 2010 నుంచి నిబంధన ఉంది. కోలాతో పోల్చినా నా ఓటు దీనికి పడదు. తీపిలో తేడా పెద్దగా లేదు, పైగా ఈ రంగు.

ఇక 'జీరో' సీసా. ఇందులో పంచదార బదులు 951, 950 ఉంటాయి, అంటే అస్పర్టేమ్, ఎసిసల్ఫేమ్. 2023 జులైలో అస్పర్టేమ్‌ను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే జాబితాలో చేర్చారని గోల జరిగింది గుర్తుందా? అప్పుడే మరో నిపుణుల కమిటీ, కిలో శరీర బరువుకి రోజుకు 40 మి.గ్రా. అన్న పాత పరిమితిని మార్చక్కర్లేదంది. 70 కిలోల మనిషి ఆ గీత దాటాలంటే రోజుకి తొమ్మిదికి పైగా క్యాన్లు తాగాలి. షుగర్ ఉండి కోలా మానలేనివాళ్లకి మామూలు దానికన్నా ఇదే నయం. కాకపోతే పులుపు పులుపే. జీరో అయినా పళ్ల ఎనామిల్‌కి ఒరిగేదేమీ లేదు.

మరి బండి? ఇక్కడ లేబులే ఉండదు, చూసి అడగాల్సిందే. ముందు సుగంధి సోడా సంగతి. అసలు సుగంధి పాల అనే మొక్క వేళ్ల వాసనకు కారణమైన పదార్థం వెనిలాలో ఉండేదానికి దగ్గరి చుట్టం. అందుకే ఆ మట్టి వాసన వెనక కాస్త వెనిలా తగులుతుంది. కానీ అన్ని బళ్ల మీదా వేళ్ల సిరప్పే ఉంటుందనుకోవద్దు. 'బాబాయ్, వేళ్లదా, ఎసెన్సా?' అని అడగండి. సిరప్పు మరీ ఎర్రగా మెరుస్తుంటే రంగు పడిందనే అనుకోవాలి. పంచదార ఎంతో చెప్పే దిక్కూ లేదు, వాళ్ల చెయ్యి ఎంత తిరిగితే అంత.

నన్నడిగితే కళ్లెదుట కాయ పిండి ఇచ్చే ఉప్పు నిమ్మకాయ సోడాకి మించింది లేదు. గ్లాసులో నిమ్మరసం, ఉప్పు వేసి పైనుంచి సోడా కొట్టగానే నురగ అంచుదాకా పొంగుతుంది. ఉప్పు రవ్వల చుట్టూ గ్యాసు బుడగలు కట్టడమే ఆ పొంగు. సీసా సోడా చల్లగా ఉంటే ఐసు వద్దనండి, ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించమని ముందే చెప్పాలి, అడక్కపోతే చిటికెడు దగ్గర ఆగరు.